నలభయ్యో నాటి పెట్టె

"మూసెయ్యి దుల్హన్. అది మూసెయ్యి" అంది సర్వర్ బీ.

కోడలు మెహజబీన్ మూయలేదు. పెట్టెలోంచి తీసిన ఆకుపచ్చ చీర ఆమె ఒళ్లో ఉంది. ఇంకో చీర చాప మీద, దాని పక్కన ఒక దుప్పటి, మోకాళ్లకు తొడుక్కునే పట్టీల జత, ఖర్జూరం డబ్బా. అట్టపెట్టె పైన ఆమె భర్త ఫిరోజ్ చేతిరాత: కమాలుద్దీన్, దర్జీ, జగిత్యాల. లోపల మాత్రం ఒక్కటంటే ఒక్కటి కూడా ఫిరోజ్ పెట్టింది కాదు.

చీరలు ఈ ఇంట్లోనూ కడతారు. అందుకని మొదట ఎవరికీ అనుమానం రాలేదు. కాగితం చుట్టిన చాయ కప్పు విప్పాకే సంగతి తెలిసింది. కప్పు మీద ఫొటో అచ్చు వేసి ఉంది. నుదుట బొట్టుతో ఒక పెద్దామె, పక్కన నవ్వుతున్న ఒక పిల్లగాడు. వాళ్లెవరో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంకో వింత ఏమిటంటే, ఆ పెద్దామె ఎడమ భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంది. నాలుగు వేళ్లు కనబడుతున్నాయి. ఆ చెయ్యిగల మనిషి మాత్రం లేడు. ఫొటోను అక్కడికి కత్తిరించేశారు.

పొద్దున్నే నలభై దినాల ఫాతెహా అయింది. వచ్చినవాళ్లు దువా చేసి, తిని వెళ్లారు. షార్జాలో బట్టలు కత్తిరించే బల్ల మీదే ఒరిగిపోయిన ఫిరోజ్‌ను అక్కడి మట్టిలోనే కలిపేశారు. తల్లి కడచూపు లేదు, తండ్రి పిడికెడు మన్ను లేదు. పోయే ముందు అతను కార్గోలో వేసిన ఈ పెట్టె ఒక్కటే ఇంటికి చేరింది. అది కూడా అతనిది కాకుండా పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే కాబోలు.

"అచ్చిననాడే తెరుద్దామంటి" అంది మెహజబీన్. గొంతు పెంచలేదు. "మీరు తెల్ల దుప్పటి కప్పి కూసున్నరు అమ్మీ."

సర్వర్ బీ అట్లా కూర్చోవడానికి కారణం లేకపోలేదు. దుబాయి పెట్టె తెరవడమంటే ఈ వైపు ఊళ్లలో ఎట్లా ఉంటుందో మీకు తెలియంది కాదు. చుట్టాలొస్తారు, వాడకట్టు పిల్లలొస్తారు, అత్తరు సీసా మూత తియ్యగానే ఇల్లంతా గుప్పుమంటుంది, అక్కడినుంచి పంపినవాడు వీడియోలో నవ్వుతూ అది ఫలానావారికి, ఇది ఫలానావారికి అని చెబుతుంటాడు. చెప్పేవాడు పోయాక ఆ పండుగ ఎట్లా చేస్తారు? నలభై దినాలు కానియ్యండి అంది ఆ తల్లి. అందులో తప్పేముంది? తప్పు లేదు కాని, నష్టం మాత్రం జరిగింది.

గడప దగ్గర ఆమె భర్త కమాలుద్దీన్ కూర్చుని ఉన్నాడు. మిషిని మీద ముప్ఫై నలభై ఏళ్లు ఒంగి ఒంగి ఆయన కుడిభుజం ఎడమదాని కంటే కిందికి దిగిపోయింది. చూపు తగ్గాక దుకాణం మూసుకున్నాడు. ఇప్పుడు లేచి, పోయిన సామాను గురించి అంత రందెందుకు, పోయిన మనిషే తిరిగి రాడు, మూట కట్టి కార్గోవాడికి ఇచ్చేద్దాం అన్నాడు.

అప్పుడు సర్వర్ బీ నోరు తెరిచింది.

"అందుల మీ అంగి ఉండె."

"నా అంగా?"

"వాడే కోసి, వాడే కుట్టిండు. అబ్బాకు చెప్పకు అమ్మీ, పెట్టె తెరిచినంక చూడని అన్నడు."

కమాలుద్దీన్ మళ్లీ కూర్చున్నాడు. కొడుకు చేతికి మొదటిసారి కత్తెర ఇచ్చింది ఆయనే. "కొల్త లేకుంట ఎట్ల కుట్టిండు?" అని అడిగాడు.

"మీ భుజం వానికి యాదికే ఉన్నదట" అంది సర్వర్ బీ. ఆమెకు ఏడుపు ఆగలేదు. నలభై రోజులుగా ఎవరికీ చెప్పకుండా దాచుకున్న మాట అది.

*

భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉన్న మెహజబీన్ గడప దాటకూడదు. అందుకని మధ్యాహ్నం వకీలు వందననే ఇంటికి పిలిపించింది. కమాలుద్దీన్ దుకాణం పైగదిలో వందన ఆఫీసు. ఆమె కోర్టుకు వేసుకుపోయే నల్లకోటు కూడా ఆయన కుట్టిందే. ఆమె చాప మీద కూర్చుని, కార్గోవాళ్ల రసీదు తిప్పి, వెనకవైపు చీమ తలకాయలంత అక్షరాల్లో ఉన్న షరతులు ఓపిగ్గా చదివింది.

మన దేశంలో ఇట్లాంటి సరుకు రవాణాకు చట్టం ఉంది గాని, అది ఇక్కడినుంచి బయటికి పోయే సరుకుకు. అక్కడినుంచి వచ్చేదానికి ఈ రసీదు వెనక రాసుకున్న షరతులే ఆధారం. అవి దేశదేశాల వర్తకులు, ఓడలవాళ్లు ఒప్పుకున్న నియమాలు. ఇంతవరకు చెప్పి, ఇక అర్థమయ్యేట్టు అసలు సంగతికి వచ్చింది.

"పెట్టె షార్జాల లారీ ఎక్కింది, ఓడెక్కింది, ముంబై దిక్కు దిగి మళ్ల లారీ ఎక్కింది. యాడ తప్పు జరిగిందో మనం దేవులాడే పని లేదు. రసీదు ఎవలిచ్చిన్రో మొత్తం తొవ్వకు వాళ్లే జవాబుదారి."

"ఒక్కలేనా?" అంది మెహజబీన్.

"ఒక్కలే."

మెహజబీన్ ఆ మాటను మళ్లీ చెప్పించుకుంది. ఎందుకంటే, ఫిరోజ్ ఎట్లా పోయాడని ఆమె అడగని మనిషి లేడు. షార్జా దుకాణం యజమాని ఆస్పత్రిని అడగమన్నాడు, ఆస్పత్రి ఏజెంటును అడగమంది, ఏజెంటు ఫోనే ఎత్తలేదు. ఉక్కపోతలో పని చేయించారా, మందు ఆలస్యమైందా, ఎవరూ చెప్పలేదు. మనిషి పోతే జవాబు చెప్పేవాడు లేడు గాని, అట్టపెట్టె మారితే తొవ్వ పొడుగునా ఒకడు జవాబుదారిగా ఉన్నాడట. దేవుడు లోకాన్ని ఎట్లా పెట్టాడో చూడండి.

అయితే చిక్కు లేకపోలేదు. పైకి కనబడని నష్టమైతే, చేతికి అందినప్పటినుంచి ఆరు రోజుల్లో రాసి ఇవ్వాలి. ఆ గడువు ఎప్పుడో దాటింది. ఇవ్వకపోతే సరుకు సరిగ్గానే అందిందని అనుకుంటారు. కేసు పోయినట్టు కాదు, కాదని రుజువు చేసే బరువు మన మీద పడుతుంది, అంతే. వందన అది మెల్లగానే చెప్పింది. మెహజబీన్ అత్త వైపు చూడకుండా ఉండటానికి గోడ వైపు చూసింది. ఆ చూడకపోవడమే సర్వర్ బీకి గుచ్చుకుంది.

"గెలిస్తె అంగి తెచ్చిస్తరా?" అని అడిగింది సర్వర్ బీ.

"అంగి రాదు చాచీ. కిలోకింతని, లేకుంటె పెట్టెకింతని లెక్కగట్టి ఇస్తరు. రెంట్ల ఏది ఎక్కువైతె అది."

"కిలోకా?"

వందన తల వంచుకుంది. కమాలుద్దీన్ మాత్రం తనలో తాను అన్నట్టుగా, అంగి ఎంత తూగుతుంది, గుప్పెడు కూడా తూగదు అన్నాడు.

వెళ్లేముందు వందన ఒక జాగ్రత్త చెప్పింది. కార్గోవాళ్లు ఏ కాగితం పెట్టినా సంతకం చేయవద్దు. అంతా అందిందని ఒక్క ముక్క రాసిచ్చారంటే దావాకు నీళ్లొదులుకున్నట్టే. కమాలుద్దీన్ సరేనన్నాడు. మెహజబీన్ లేచి వచ్చి మామ ముందు నిలబడింది.

"అబ్బా, నాకు పైసలద్దు. ఒక్కడన్న నా ముంగట నిలవడి, అవును తప్పు మాదే అనాలె. గంతే."

"సంతకం పెట్టను బేటీ" అన్నాడు కమాలుద్దీన్.

*

కోరుట్లలో కార్గో ఆఫీసు నడిపే మనోహర్ కూడా ఒకప్పుడు గల్ఫులో చేసి వచ్చినవాడే. పెట్టె ఇచ్చిననాడు తానే భుజం మీద మోసి, చాచా చాచా అంటూ ఇంట్లో దించి, ఫిరోజ్ మంచితనం తలుచుకుని కళ్లు తుడుచుకుని పోయాడు. ఇవాళ కుర్చీలోంచి లేవలేదు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అని ఊరికే అన్నారా.

అయినా అతను చెడ్డవాడని నేననను. భయపడ్డవాడు. కప్పు, చీరలు చూడగానే ఫోన్లు కలిపాడు. బయటికి పోయి మాట్లాడాడు, లోపలికి వచ్చి మాట్లాడాడు. చివరికి సంగతి తేలింది. ఓడరేవులో తనిఖీకి ఒక వరుస పెట్టెలు విప్పారు. తిరిగి సర్దేటప్పుడు రెండు పెట్టెల సామాను అటుదిటు, ఇటుదటు అయింది. పైన పేర్లు సరిగ్గానే ఉన్నాయి, లోపలివే మారాయి. రెండోది ఎవరింటికి పోయిందో మనోహర్‌కు తెలుసు. అది కూడా అతను ఇచ్చిందే.

"ఎవలింటికి?" అంది సర్వర్ బీ.

మనోహర్ సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. సామానంతా సరిగ్గా అందింది, ఏ ఫిర్యాదూ లేదు అని ఉంది దాంట్లో.

"చాచా, తప్పు నాది కాదు, నీకెర్కే. దావా వేస్తె పైనోళ్లు ఓడ మీద ఏస్తరా, రేవు మీద ఏస్తరా? నా మీదనే ఏస్తరు. నా దుకాణం పోతది. నువ్వు గిది రాసియ్యి, నేను ఇల్లు చూపిస్త. బండి కూడ నాదే పంపిస్త."

కమాలుద్దీన్ చేతులు ఒళ్లోంచి తీయలేదు. కోడలికి మాట ఇచ్చానన్నాడు. ఆ పిల్ల ఇంట్లోంచి కదలలేదు, ఆమె తరఫున వచ్చినవాణ్ని నేను, నా అంగి కోసమని ఆమె నోటికాడి జవాబు ఎట్లా లాక్కోను అన్నాడు. ఆయన అంత పొడుగు మాట్లాడి నలభై రోజులైంది.

సర్వర్ బీ బల్ల మీది కాగితాన్ని భర్త వైపు జరిపింది. బయట బస్సు ఒకటి ఆగి పోయింది.

"నా కొడుకు మొకం చూడలే, మట్టి చూడలే" అంది. "వాని చేతి కుట్టన్న చూడనియ్యండి నన్ను. దుల్హన్ తిడితె నన్ను తిడతది. పెట్టె మూసింది నేనే, ఇది గూడ నా మీదికే రానీ."

కమాలుద్దీన్ సంతకం పెట్టాడు. ఒక్క సంతకంతో లారీ, ఓడ, రేవు, అన్నీ తప్పు లేనివైపోయాయి. మనోహర్ కాగితం మడిచి సొరుగులో పెట్టి, సిరిసిల్లలో బాలకిషన్ అని సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు, వాళ్ల ఇల్లు అని చెప్పాడు.

కార్గో బండిలో వెనక పెట్టె, ముందు వీళ్లిద్దరూ. రుద్రంగి దాటుతుండగా కమాలుద్దీన్ జేబులో ఫోను మోగింది. ఇంటినుంచే. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని అది ఆగేదాకా చూశాడు.

*

సిరిసిల్లలో ఆ ఇంటి ముందు బండి ఆగకముందే ఒక పెద్దామె వాకిట్లోకి ఎదురొచ్చింది. సర్వర్ బీ ఆమెను గుర్తుపట్టింది. కప్పు మీద ఉన్నది ఆమే, బాలకిషన్ భార్య కొమురవ్వ.

"రాండ్రి అక్కా, లోపలికి రాండ్రి. మా రాకేశ్ ఇంకో పెట్టె పంపిండట గద. మనోహర్ ఫోన్ చేసిండు."

సర్వర్ బీ, కమాలుద్దీన్ ముఖాలు చూసుకున్నారు. మనోహర్ వీళ్లకు నిజం చెప్పలేదన్నమాట. ఇంకో పెట్టె ఉంది, మనిషితో పంపుతున్నా అని మాత్రం చెప్పి తన చెయ్యి కడుక్కున్నాడు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇద్దరూ లోపల కుర్చీల్లో కూర్చున్నారు. పెట్టెను డ్రైవరు గడప లోపల దించి పోయాడు. పక్క రేకుల షెడ్డులోంచి సాంచెల చప్పుడు గోడలోకి దిగి నేలంతా అదురుతోంది. ఎదురుగా గోడకు ఒక ఫొటో ఉంది. కప్పు మీద ఉన్న ఫొటోయే అది, కాకపోతే ఇది పూర్తిది. కొమురవ్వ భుజం మీద చెయ్యి వేసి ఎడమపక్క ఒక సన్నటి మనిషి నిలబడి ఉన్నాడు. సర్వర్ బీ ఆ ఫొటో చూసి చూపు దించుకుంది.

కొమురవ్వ నీళ్లిస్తూ, చాయ పెడుతూ, సంతోషం పట్టలేక చెప్పుకుపోయింది. కొడుకు నాలుగేళ్ల కింద గల్ఫుకు పోయాడట. సాంచెల మీద నా బతుకు అరగదీసుకోను అన్నాడట కొడుకు. గడప దాటితే నాకు కొడుకే లేడనుకుంటా అన్నాడట తండ్రి. అప్పటినుంచి తల్లికే ఫోను. తండ్రి గొంతు వినబడితే పెట్టేస్తాడు. అలాంటివాడు మొన్న పెట్టె పంపాడు. అత్తర్లు వాడకట్టుకు పంచింది, చిన్న గౌను చెల్లెలి మనుమరాలికిచ్చింది, శాలువ తను కప్పుకుంది.

ఆ గౌను ఫిరోజ్ కూతురు అస్మాది. ఆ శాలువ సర్వర్ బీది. ఆమె చాయ గ్లాసు పట్టుకుని వింటూనే ఉంది.

"అవన్ని ఏంది గని అక్కా, వాళ్ల నాయినకు అంగి పంపిండు" అంది కొమురవ్వ. "నాకు కడుపు నిండింది. ఫోన్ల ఆ ముచ్చట తియ్యలే నేను. తీస్తె మళ్ల యాడ కోపమొస్తదో అని."

షెడ్డులో సాంచెలు ఆగాయి. బాలకిషన్ చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. ఒంటి మీద లేత నీలం అంగి ఉంది. కాలరు, గుండీపట్టీ అన్నీ పొందికగా ఉన్నాయి, ఒక్క కుడిభుజం దగ్గర మాత్రం బట్ట కిందికి లాగి ముడత పడుతోంది.

ఆయన చూపు కమాలుద్దీన్ చూపు మీద పడి, అక్కడినుంచి తన అంగి మీదికి వచ్చింది. ఈయన అంగినే చూస్తున్నాడని గ్రహించి కొంచెం సిగ్గుపడ్డాడు.

"కొడుకు పంపిండు భాయ్" అన్నాడు. "కుడిభుజం జర కిందికి కుట్టిచ్చిండు. నా కొల్త మరిసిండు. మరవడా మరి, నాలుగేండ్లాయె. అయినా రోజు ఇదే తొడుగుతున్న. పొద్దున ఉతుక్కుంట, ఆరినంక మళ్ల తొడుగుత."

కమాలుద్దీన్ లేచాడు. దగ్గరికి పోయి, అడగకుండానే ఆ భుజం కుట్టు మీద వేళ్లు పెట్టాడు. చూపు సరిగా ఆనకపోయినా వేళ్లకు తెలిసింది. కుట్టు మొదలయ్యేచోట మూడు పోట్లు వెనక్కి వేసి అప్పుడు ముందుకు నడపాలి అని ఆయనే నేర్పాడు. మూడు పోట్లూ ఉన్నాయి. ఆయన తన వంగిన భుజాన్ని బాలకిషన్ భుజం పక్కన ఆనించి నిలబడ్డాడు, ఇక చెప్పాల్సింది అదే అన్నట్టు.

"భాయ్, గీ కొల్త నాది" అన్నాడు. "కుట్టినోడు నా కొడుకు. వాడు లేడు."

తర్వాత సర్వర్ బీ చెప్పింది. రేవులో పెట్టెలు విప్పడం, సామాను మారడం, నలభై దినాలు అయ్యేదాకా తాము తెరవకపోవడం, అన్నీ ముక్కలు ముక్కలుగా చెప్పింది. కొమురవ్వ శాలువను ఎప్పుడు తీసి మడిచిందో తెలియదు, అది సర్వర్ బీ ఒళ్లోకి వచ్చింది. బాలకిషన్ కదలకుండా విన్నాడు. విని, ఎవరినీ చూడకుండా పై గుండీ విప్పాడు.

"ఉండు" అంది కొమురవ్వ. ఆమెకు ఒక్కసారిగా ఏదో తట్టింది. "వీళ్లది మనకొస్తె, మనది వీళ్లకు పోయినట్టే గద. గిది రాకేశ్ పంపిన పెట్టె. నీకు ఇందుల అంగి ఉంటది. ముందుగాల గది తొడుగు, అటెన్క గిది ఇద్దువు. అంగి లేకుంట ఉత్త పెయ్యితోటి ఎందుకు నిలవడుతవ్ నలుగురిల."

బాలకిషన్ రెండో గుండీ మీద చెయ్యి ఆపాడు. ఆయన కళ్లు పెట్టె మీదికి పోయాయి. నాలుగేళ్ల ఆశ ఆ ముఖంలోకి మళ్లీ ఎట్లా తోసుకొచ్చిందో సర్వర్ బీ చూసింది.

ఆ పెట్టెలో ఏముందో ఈ ఇంట్లో ఆమెకు, ఆమె భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. పొద్దున కోడలు ఒక్కొక్కటి తీసి చాప మీద పెడుతుంటే చూసింది, సాయంత్రం కార్గో ఆఫీసులో మళ్లీ ఒక్కొక్కటి మడిచి పెట్టి టేపు వేయించింది ఆమే. రెండు చీరలు. దుప్పటి. మోకాళ్ల పట్టీలు. ఖర్జూరం. తండ్రిని కత్తిరించేసిన ఫొటోతో ఒక కప్పు. మగవాళ్లు తొడిగేది ఒక్కటీ లేదు.

కొమురవ్వ వంటింట్లోంచి కత్తి తెచ్చి పెట్టె ముందు కూర్చుంది. టేపు మీద కత్తి మొన పెట్టింది.

సర్వర్ బీ కుర్చీలోంచి దిగి నేల మీద కూర్చుని, పెట్టె మీద రెండు చేతులూ పెట్టింది.

"ఇప్పుడే తెరువకు చెల్లె" అంది.

కొమురవ్వ కత్తి ఎత్తి ఆమె ముఖంలోకి చూసింది.

"ఎందుకక్కా?" అని అడిగాడు బాలకిషన్.